ఊళ్లో సైకోసిస్ లాంటి అనుభవాలను లెక్కపెట్టడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వైపు సర్వేకి వెళ్లేవాళ్లకి

సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్, కమ్యూనిటీ మెడిసిన్ చదివే పిల్లలు ప్రాజెక్టుల సీజన్ రాగానే ఈ టాపిక్ పట్టుకుంటున్నారు. ఏ ఆస్పత్రికీ వెళ్లకుండా పనీపాటా చేసుకుంటూ బతికే మామూలు జనంలో, ఎవరూ లేకుండానే గొంతు వినపడడం, ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారని గట్టిగా అనిపించడం లాంటివి ఎంతమందికి ఉంటాయన్నది ప్రశ్న. టాపిక్ మంచిదే, చేసే తీరే బాగోదు. ఇంగ్లీషు ప్రశ్నావళి ఒకటి డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌లోనే తెలుగు చేయించి, ఆమదాలవలసలోనో చీపురుపల్లిలోనో ఒక వీధికి వెళ్లి సాయంత్రానికల్లా టిక్కులు పెట్టుకొచ్చి, ఊళ్లో సగం మందికి లక్షణాలున్నాయని స్లైడ్ వేసేస్తారు. సగం ఊరికి సైకోసిస్ ఉంటే వరి నాట్లు ఎవరు వేస్తున్నట్టు?

జనం "అవును" అన్నాక మనం అడిగే నాలుగు ప్రశ్నల్లోనే అసలు కొలత ఉంది: ఎంత తరచుగా, ఎంత నమ్మారు, ఎంత బాధ, పని ఎంత చెడింది. ఆ నాలుగూ ఎలా అడగాలో, ముందూ వెనకా ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ఏది లెక్క, ఏది కాదు

సైకోసిస్‌లో ముఖ్యంగా కనిపించేవి రెండు. లేనివి వినపడడం, కనపడడం, ఎవరూ లేకుండానే ఒంటిమీద చెయ్యి వేసినట్టు అనిపించడం ఒకటి. రుజువు లేకపోయినా, ఇంట్లోవాళ్లు ఎంత నచ్చజెప్పినా వదలని నమ్మకం రెండోది: నన్ను చంపడానికి చూస్తున్నారు, నా ఆలోచనలు ఎవరో లాగేసుకుంటున్నారు, టీవీలో నా గురించే చెబుతున్నారు, ఇలాంటివి. జబ్బుగా ముదిరినప్పుడు ఇవి మనిషిని పనికీ తిండికీ నిద్రకీ దూరం చేస్తాయి. మనం వెతికేది అంత దూరం వెళ్లనివి. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవి, వచ్చినా "నా భ్రమేమోలే" అని ఆ మనిషికే కాస్త అనుమానం మిగిలేవి, ఎవరికీ చెప్పకుండా మర్నాడు మామూలుగా పనిలోకి వెళ్లిపోయేవి.

ఇవి అరుదైనవేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 18 దేశాల్లో 31,261 మందిని అడిగి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారైనా ఇలాంటిది జరిగిందన్నవాళ్లు 5.8 శాతం. లేనివి వినపడడం, కనపడడం 5.2 శాతం మందికి ఉంటే, వింత నమ్మకాలు 1.3 శాతం మందికే ఉన్నాయి. అవునన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి అది జీవితం మొత్తమ్మీద ఒక్కసారే జరిగింది. చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి ఇంకో సమీక్షలో మధ్యస్థంగా 7.2 శాతం అని తేలింది. అందులోనూ సుమారు 80 శాతం మందికి అవి కాలక్రమంలో పోయాయి, 20 శాతం మందికి కొనసాగాయి, అసలు జబ్బు దాకా వెళ్లినవాళ్లు 7.4 శాతం.

మరి నెదర్లాండ్స్‌లో 7,000 మందికి పైగా పెద్దవాళ్లను చూసిన సర్వేలో 17.5 శాతం ఎలా వచ్చింది? అక్కడ వల పెద్దది వేశారు. బాధ పెట్టనివి, డాక్టరు దృష్టిలో పెద్ద విషయం కానివి కూడా కలిపారు. అలా తేలిన 1,237 మందిలో సైకోసిస్ జబ్బు నిర్ధారణ అయినవాళ్లు 26 మందే. కాబట్టి మీ అంకె ఎంత వస్తుందనేది మీరు గీసే గీతమీద ఉంటుంది. ఆ గీత ఎక్కడ గీస్తారో సర్వేకి వెళ్లకముందే కాగితంమీద రాసిపెట్టుకోండి. డేటా వచ్చాక గీస్తే, ఎంత నిజాయితీపరులైనా సరే, గీత తమకి కావలసిన వైపుకి జరుగుతుంది.

గీత గీయడానికి పట్టుకోవలసినవి నాలుగు: ఎంత తరచుగా వచ్చింది, ఎంత నమ్మారు, ఎంత బాధపడ్డారు, దానివల్ల పనీ సంసారమూ ఎంత చెడ్డాయి. ఈ నాలుగింటికీ విడివిడిగా మార్కులుండాలి. వీటిని కలిపి ఒక్క అంకె చేసేస్తే, నెలకోసారి పేరు పెట్టి పిలిచినట్టు వినిపించి నవ్వుకునే టీచరమ్మా, ఒకేసారి వినిపించిన గొంతుకి భయపడి వారం రోజులు గుమ్మం దాటని కుర్రాడూ ఒకే గడిలో పడతారు.

ఒక హెచ్చరిక. మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి అమెరికా సైకియాట్రీ సంఘం వేసే పుస్తకం డీఎస్ఎం. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, ఇంకా పరిశోధన జరగాల్సినవాటి కింద, తేలికపాటి సైకోసిస్ లక్షణాల సిండ్రోమ్ అని ఒకటి పెట్టారు. దానికి గడిచిన నెలలో వారానికి కనీసం ఒకసారైనా లక్షణం రావాలి, అది చికిత్స అవసరమయ్యేంత బాధ పెట్టాలి, ఇలా గట్టి షరతులున్నాయి. మీ సర్వేలో "అవును" అన్నవాళ్లకి ఆ పేరు తగిలించకండి.

పూనకం, చిల్లంగి, కలలో అమ్మవారు

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన వైపు సర్వేలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

విజయనగరంలో ఎవర్నడిగినా చెబుతారు, పైడితల్లమ్మ సిరిమాను కోసం చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెబుతుందని. దసరా తరవాత వచ్చే మంగళవారం ఆ మానుమీద పూజారి ఊరేగుతుంటే లక్షల జనం దండం పెడతారు. దీన్ని తీసుకెళ్లి "అసాధారణ నమ్మకం" గడిలో టిక్కు పెడితే పట్నం పట్నమంతా పేషెంట్లే. అమ్మవారి పండగలో ఘటాల ముందు పూనకం వచ్చినామె సంగతీ అంతే: దానికో చోటుంది, వేళ ఉంది, చుట్టూ ఉన్నవాళ్లకి అదేమిటో తెలుసు, పసుపునీళ్లు చల్లి హారతిస్తే దిగుతుంది, మర్నాడు ఆమె మామూలుగా చేలోకి వెళుతుంది.

అలాగని దేవుడి పేరు వినగానే అన్నింటినీ "అది మన సంప్రదాయంలెండి" అని కొట్టెయ్యడం కూడా తప్పే. పండగా లేదు, పూజా లేదు, ఒక్కతే వంట చేసుకుంటుంటే రోజూ అమ్మవారు తిడుతోంది, నిద్ర పోనివ్వడం లేదు, ఇంట్లోవాళ్లే "ఈమధ్య ఇదేంటో తేడాగా ఉంది" అనుకుంటున్నారు అంటే అది లెక్కలోకి రావలసిందే. ఈ రెంటికీ తేడా పట్టుకునే ప్రశ్న ఒకటుంది: "మీకిలా జరిగిందని ఇంట్లో చెబితే వాళ్లేమన్నారు? మీ ఊళ్లో ఇంకెవరికైనా ఇలా అవుతుందా?" తన మనుషులకే వింతగా అనిపించిందా లేదా అన్నది చూడాలి. మనకి, అంటే యూనివర్సిటీ నుంచి బ్యాగు వేసుకుని వెళ్లినవాళ్లకి, వింతగా అనిపించడం లెక్కలోకి రాదు.

చిల్లంగి, అంటే చేతబడి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇలాంటి అనుభవాల గురించి అడగడానికి బాగా వాడుకలో ఉన్న కేప్ (CAPE) ప్రశ్నావళిలో మంత్రతంత్రాల శక్తిని నమ్ముతారా అని ఒక ప్రశ్న ఉంది. యూరప్‌లో దానికి "అవును" అనేవాళ్లు తక్కువేమో గానీ, మన పల్లెల్లో నమ్మను అని గట్టిగా చెప్పేవాళ్లని వెతుక్కోవాలి. "చిల్లంగి ఉందని నమ్ముతాను" అనేది ఊరి నమ్మకం. "మా పక్కింటోళ్లు నామీదే చిల్లంగి పెట్టారు, అన్నం రుచి మారిపోయింది, రాత్రి గోడ వెనకాల నా గురించే మాట్లాడుకుంటున్నారు" అనేది వేరే సంగతి, అక్కడ నాలుగు ప్రశ్నలూ అడగాలి. ఎవరు పెట్టారని అనుమానమో ఆ పేరు మాత్రం కాగితంమీద రాయకండి, పక్కింట్లో దాని గురించి మాట్లాడకండి, మొహంలో కూడా చూపించకండి. చిల్లంగి నెపంతో మనుషుల్ని కొట్టినవీ చంపినవీ ఉత్తరాంధ్రలో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మీ నోట్సులో పేరు ఒకరి ప్రాణం మీదకి రావచ్చు.

ఏ ప్రశ్నావళి తీసుకోవాలి

కేప్‌లో 42 ప్రశ్నలుంటాయి: ఇరవై లేనివి వినపడడం, అనుమానాలు లాంటివాటి గురించి, పద్నాలుగు ఉత్సాహం చచ్చిపోవడం లాంటివాటి గురించి, ఎనిమిది దిగులు గురించి. ప్రతిదానికీ ఎంత తరచుగా అనీ, ఎంత బాధ అనీ రెండు కొలతలు. ఊళ్లో పని మానుకుని మీతో కూర్చున్నవాళ్లని 42 ప్రశ్నలు అడిగితే సగంలోనే "పిల్లకి అన్నం పెట్టాలి" అని లేచిపోతారు. దాన్నే కుదించిన 15 ప్రశ్నల రూపం ఉంది. అనుమానాలు, వింత అనుభవాలు, లేనివి వినపడడం, కనపడడం మాత్రమే అందులో ఉంటాయి. ఊరి సర్వేకి నేనైతే దీన్నే ఎంచుకుంటాను. వింత నమ్మకాలమీదే మీ పని అయితే 21 ప్రశ్నల పీటర్స్ పట్టిక (PDI) బాగుంటుంది. అది ప్రతి నమ్మకానికీ బాధ ఎంత, దానిగురించి ఎంతసేపు ఆలోచిస్తారు, ఎంత గట్టిగా నమ్ముతారు అని మూడూ అడుగుతుంది.

సైకోసిస్ ప్రమాదం ఉన్నవాళ్లని వడపోసే పీక్యూ-16 (PQ-16) అనే ప్రశ్నావళిని మాత్రం చూసి వాడండి. పదహారే ప్రశ్నలు, ఆరు లేదా అంతకంటే ఎక్కువ "అవును"లు వస్తే అనుమానించాలి అని సులువైన గీత, అందుకని పిల్లలంతా దానివైపే పరిగెడతారు. నెదర్లాండ్స్‌లో దాన్ని సాయం కోసం మానసిక వైద్య కేంద్రాలకి వచ్చినవాళ్లమీద పరీక్షించారు. అక్కడ పట్టవలసినవాళ్లని 87 శాతం పట్టింది, అక్కర్లేనివాళ్లని 87 శాతం వదిలింది. అదే పరికరాన్ని ఊళ్లోకి తెస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. వెయ్యిమందిలో నిజంగా ప్రమాదపు అంచున 20 మంది ఉన్నారనుకుందాం. 87 శాతం అంటే 17 మంది దొరుకుతారు. మిగతా 980 మందిలో 13 శాతం, అంటే 127 మంది, ఏమీ లేకుండానే దొరికిపోతారు. మొత్తం 144 మందిని పట్టుకుంటే అందులో అసలైనవాళ్లు 17 మంది. పరికరంలో లోపమేం లేదు, ఆస్పత్రి గుమ్మం దగ్గర పనిచేసిన గీత ఊరి రచ్చబండ దగ్గర పనిచెయ్యదు అంతే.

ఏదైనా సరే, తయారుచేసినవాళ్ల అనుమతి తీసుకుని వాడండి. ఇంతకుముందు ఎవరైనా తెలుగు చేశారేమో కనుక్కుని, ఉంటే వాళ్లనీ అడగండి.

తెలుగు చెయ్యడం, ఆ తెలుగుని ఊళ్లో పెట్టి చూడడం

పద్ధతి మీ గైడ్ చెప్పే ఉంటారు: ఇద్దరు విడివిడిగా తెలుగు చెయ్యాలి, కూర్చుని ఒకటి చేసుకోవాలి, ఇంగ్లీషు ప్రశ్న చూడనివాళ్లెవరో దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పోల్చాలి. ఇదంతా చేసినా సగం పనే. మిగతా సగం, ఒక్కో ప్రశ్నా అడిగి, జవాబు రాసుకుని, ఆ వెంటనే "నేనిప్పుడు ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనడం. వేరువేరు వయసులవాళ్లు, చదువుకున్నవాళ్లు, లేనివాళ్లు కలిపి ఓ పదిహేనుమంది దగ్గర ఇలా చేస్తే చాలు, మీ ప్రశ్నల్లో ఏవి కుంటుతున్నాయో బయటపడతాయి.

ఉదాహరణకి, మనుషులు మీ గురించి రెండర్థాలు వచ్చేలా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుందా అని కేప్‌లో ఒకటుంది. అనుమాన లక్షణాన్ని పట్టడానికి పెట్టిన ప్రశ్న అది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న కోడల్ని అడిగి చూడండి. "మా అత్త మాట్లాడితేనే రెండర్థాలమ్మా, మూడోది కూడా ఉంటాది" అంటుంది, నిజమే చెబుతుంది. అందుకని ప్రశ్నకి ఒక ముక్క చేర్చాలి: అసలు పరిచయం లేనివాళ్లు, బస్సులోనో సంతలోనో, మీ గురించే అలా మాట్లాడుకుంటున్నట్టు అనిపించిందా? ఇంకోటి, కంప్యూటర్ లాంటి ఎలక్ట్రిక్ వస్తువులు మీ ఆలోచనని ప్రభావితం చేస్తున్నాయా అన్నది. ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతి కుర్రాడూ "నేను చెప్పుల గురించి మాట్లాడానో లేదో ఫోన్లో చెప్పుల యాడ్ వచ్చేసిందండీ" అంటున్నాడు. అది లక్షణం కాదు, లోకజ్ఞానం! "ఫోన్ నా మెదడులోకి ఆలోచనలు పెడుతోంది" అనేవాళ్లని విడదీసేలా అడగాలి.

"గొంతులు వినిపిస్తాయా" అని అడిగితే మరీ దారుణం. పక్కింటి టీవీ, గుడి మైకు, సందులో తాగుబోతు, అన్నీ "అవును" కిందకే వస్తాయి. 1894లో ఇంగ్లండులో తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ బృందం, లేనివి కనిపించడమో వినిపించడమో తాకినట్టు అనిపించడమో జరిగిందా అని 17,000 మందిని అడిగిన సర్వే నివేదిక ప్రచురించింది. దాదాపు పదిశాతం అవునన్నారు. వాళ్ల ప్రశ్నలో రెండు షరతులు స్పష్టంగా ఉండేవి: పూర్తిగా మెలకువగా ఉన్నానని నమ్ముతున్న సమయమై ఉండాలి, తెలిసినంతలో బయటి కారణమేదీ ఉండకూడదు. నూట ముప్పై ఏళ్ల కిందటి ప్రశ్న ఇప్పటి చాలా ప్రశ్నలకంటే బాగుంది. మన వైపు నేను ఇలా అడుగుతాను:

"నిద్రలో కాదు, కునికిపాట్లు పడుతున్నప్పుడు కాదు. బాగా మెలకువగా ఉన్నప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా, రేడియో టీవీ ఏవీ మోగకపోయినా, ఎవరో పిలిచినట్టు, మాట్లాడినట్టు మీకెప్పుడైనా వినిపించిందా?"

పొడుగైంది, తెలుసు. ఆపి ఆపి, ఒక్కో ముక్కా చెప్పి అడగండి. సీతంపేట వైపు సవర గూడేలకి వెళితే ఈ తెలుగు ప్రశ్న కూడా సరిపోదు. సవర భాషలో మళ్లీ మొదటినుంచీ ఇదంతా చెయ్యాలి, అప్పటికప్పుడు పక్కనున్న కుర్రాణ్ణి మాట మార్చి చెప్పమంటే అతను చెప్పిందే మీకు డేటా అవుతుంది.

"అవును" అన్న తరవాత

ఒక సంభాషణ చూడండి. ఇది కల్పించిందే, కానీ ఇలాంటివే ఎదురవుతాయి. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, అరుగుమీద చింతపిక్కలు వలుస్తోంది.

"మామ్మా, ఎవరూ లేకుండా గొంతు వినిపించిందా అంటే ఉందన్నావు కదా. చివరిసారి ఎప్పుడు?"

"మొన్న మంగళారం. సందేళ. మా ముసలాయన అదిగో ఆ నులకమంచం మీద కూకుని దగ్గినట్టే ఇనిపించింది. ఆయన పోయి ఆర్నెల్లయింది బాబూ."

"వినిపించినప్పుడు ఏమనుకున్నావు?"

"ఏటనుకుంటాను, ఆయనే వచ్చాడనుకున్నాను. మళ్లీ నాకే తెలిసింది, లేడు కదాని."

"భయమేసిందా?"

"మొగుణ్ణి చూసి భయమేటి!"

ఆ నాలుగు ప్రశ్నలూ ఊళ్లో ఇలా చిన్న చిన్న ముక్కలుగా వస్తాయి: ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఏం వినిపించింది, అప్పుడేమనుకున్నారు, ఇప్పుడేమనుకుంటున్నారు, భయమేసిందా, ఎవరికైనా చెప్పారా, పనికి అడ్డమొచ్చిందా. ఇవన్నీ కూడా కబుర్లలాగే అడగాలి. ముసలమ్మ విషయంలో నమ్మకం తక్కువ, బాధ లేదు, పని చెడలేదు, పైగా మనిషి పోయిన దుఃఖం ఉంది. వేల్స్‌లో 1971లో భర్తో భార్యో పోయిన 293 మందిని అడిగితే దాదాపు సగం మంది, చనిపోయినవాళ్లు పక్కనున్నట్టు అనిపించడమో, కనిపించడమో, వినిపించడమో జరిగిందన్నారు. కాబట్టి ఆమె జవాబుని కొట్టెయ్యకండి, "దుఃఖంలో" అని వేరే కాలమ్‌లో రాయండి. తరవాత దాన్ని కలిపీ, తీసేసీ రెండు రకాలుగా లెక్క చూపించొచ్చు.

వేరే కాలమ్‌లోకి వెళ్లేవి ఇంకా ఉన్నాయి. నిద్ర పట్టే ముందూ, మెలకువ వచ్చేటప్పుడూ వినిపించేవి: బ్రిటన్‌లో 1996లో ప్రచురించిన సర్వేలో నిద్రపట్టే వేళ ఇలాంటివి 37 శాతం మందికి, లేచే వేళ 12.5 శాతం మందికి ఉన్నట్టు తేలింది. ఈ ఒక్కటి విడదీయకపోతే మీ అంకె ఎన్ని రెట్లు ఉబ్బుతుందో ఊహించుకోండి. ఎక్కువ జ్వరం. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేసిన రెండుమూడు రోజులు. గంజాయి. మూర్ఛ. ఉద్దానం వైపు, కవిటి, సోంపేట మండలాల్లో చేస్తుంటే కిడ్నీ జబ్బు సంగతి తప్పకుండా అడగండి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నప్పుడు మనిషి మగతగా, తికమకగా అయిపోయి లేనివి చూడడం జరుగుతుంది, అది శరీరపు జబ్బు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సింది. పిల్లల్ని అడిగేటట్టయితే అంకెలు ఎక్కువే వస్తాయని ముందే తెలుసుకోండి. 2012 నాటి సమీక్షలో 9 నుంచి 12 ఏళ్లవాళ్లలో మధ్యస్థంగా 17 శాతం, 13 నుంచి 18 ఏళ్లవాళ్లలో 7.5 శాతం.

"ఎప్పుడు" అన్నదానికి తారీఖు రాదు. కాబట్టి ఊరికి గుర్తుండే సంఘటనల పట్టిక ఒకటి జేబులో పెట్టుకోండి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు, లాక్‌డౌన్ 2020 మార్చి, వీటి మధ్య ఊరి అమ్మవారి పండగలు, పెద్ద పెళ్లిళ్లు. "తిత్లీకి ముందా, తరవాతా?" అంటే పలాస వైపు ఎవరూ తడుముకోరు. గడిచిన ఏడాదిలో అని అడగాల్సి వస్తే "పోయిన సంక్రాంతి నుంచి" అనండి.

ఎవరు అడగాలి, ఎక్కడ కూర్చోవాలి

వరస ఇళ్లు, గోడకి గోడ. అరుగుమీద కూర్చుంటే నాలుగిళ్ల జనం చుట్టూ మూగుతారు, అత్తగారు కోడలి బదులు జవాబు చెబుతారు. పెళ్లి కావలసిన అమ్మాయైతే తల్లి ముందు ఒక్క ప్రశ్నకీ "అవును" అనదు, అంటే సంబంధం చెడిపోతుందని భయం. బీపీ చూస్తాను, ఎత్తు బరువు చూస్తాను అని లోపలికో, పెరట్లోకో తీసుకెళ్లడం చాలామంది చేసే ఉపాయం. నిజంగా బీపీ చూస్తేనే అలా అనండి. ఆశా కార్యకర్తని వెంట తీసుకెళ్లండి, తలుపు తీయడానికి ఆమే కావాలి. ప్రశ్నలు మొదలయ్యేటప్పుడు మాత్రం ఆమె పక్కకి వెళ్లాలి, ఎందుకంటే ఆమె రేపు కూడా ఆ వీధిలోనే ఉంటుంది.

"పిచ్చి", "మెంటల్" అన్న మాటలు మొత్తం సర్వేలో రాకూడదు. "మెంటల్ హెల్త్ సర్వే అండీ" అంటే "మాకేటి, పిచ్చనుకున్నారా?" అని తలుపేస్తారు. "చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కొన్ని వింత అనుభవాలు జరుగుతుంటాయి, అవి మన ఊళ్లవాళ్లకి ఎలా ఉంటాయో తెలుసుకుంటున్నాం" అనడం నిజమూను, వినడానికీ బాగుంటుంది. మొదటి ప్రశ్నలు నిద్ర, తిండి, టెన్షన్ గురించి పెట్టి, మనిషి కాస్త సర్దుకున్నాక అసలువాటిలోకి వెళ్లండి. పెద్దవాళ్లు కొందరు మీ మొహం చూసి, చదువుకున్న పిల్ల నొచ్చుకుంటుందేమోనని అన్నింటికీ "అవును తల్లీ" అంటారు. అలాంటివాళ్లని పట్టడానికి, ఎవరికీ జరగని విషయం గురించి ప్రశ్న ఒకటి మధ్యలో పెట్టుకోండి.

ఎంతమంది కావాలన్నదానికి లెక్క చిన్నదే. 7 శాతం ఉంటుందని ఊహించి, అటూ ఇటూ 2 శాతం తేడాలో పట్టాలంటే సుమారు 625 మంది. ఊళ్ల వారీగా గుంపులుగా తీసుకుంటారు కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే 940 దాకా. ఎం.ఏ. ప్రాజెక్టుకి ఇంతమంది దొరక్కపోతే శాతాల గురించి మాట్లాడకండి, ప్రశ్నావళి ఎంత నమ్మదగ్గదో చూసే చిన్న అధ్యయనంగా మార్చేయండి, అది ఇంకా పనికొస్తుంది.

అసలు తలనొప్పి వయసు కుర్రాళ్లతో. ఇలాంటి అనుభవాలు ఎక్కువగా మొదలయ్యే వయసు అదే, ఆ వయసువాళ్లే ఊళ్లో ఉండరు. హైదరాబాదులో కట్టుబడి పనులకీ, చెన్నైకీ, గుజరాత్ వెరావల్‌లో చేపల వేటకీ వెళ్లిపోయి ఉంటారు. పగటిపూట వెళితే మీకు దొరికేది ముసలివాళ్లూ, పిల్లల తల్లులూ. సంక్రాంతికి అందరూ వస్తారు గానీ, ఆ మూడు రోజులూ మందు ప్రభావం తీసేసి కొలవడం దేవుడి తరం కాదు. పండగ అయిపోయి, తిరుగు రైలు ఎక్కేలోపు దొరికే నాలుగైదు రోజులు పట్టుకోండి. దొరకనివాళ్లెందరో, వాళ్ల వయసెంతో రిపోర్టులో రాయండి.

మార్కులు వెయ్యడం

ఒక్క శాతం ఇవ్వకండి, మూడు ఇవ్వండి. కాగితంమీద "అవును" అన్నవాళ్లెందరు, నాలుగు ప్రశ్నలూ అడిగి నిద్ర, దుఃఖం, తాగుడు, జ్వరం, ఊరి నమ్మకం తీసేశాక మిగిలినవాళ్లెందరు, వాళ్లలో బాధ పడినవాళ్లు, లేదా పని చెడినవాళ్లు ఎందరు. మొదటి అంకెకీ మూడోదానికీ మధ్య ఎంత దూరముందో అదే మీ ప్రాజెక్టులో చదవదగ్గ భాగం. కేప్ వాడితే మార్కుల మొత్తాన్ని జవాబిచ్చిన ప్రశ్నల సంఖ్యతో భాగించాలి, లేకపోతే రెండు వదిలేసినవాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తారు.

తీసెయ్యాలా ఉంచాలా అనేది ఒక్కరే తేల్చకూడదు. జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకొచ్చి, రెండోవాళ్లకి, ఆ ఇంటికి వెళ్లనివాళ్లకి, మొదటివాళ్ల నిర్ణయం చూపించకుండా ఇవ్వండి. ఇద్దరి మధ్య కప్పా (kappa) లెక్కకట్టండి, అంటే యాదృచ్ఛికంగా కలిసినవి పోను ఇద్దరి నిర్ణయాలూ ఎంత కలిశాయో చెప్పే అంకె. అది 0.6 కంటే తక్కువొస్తే మీ గీత సరిగ్గా రాసుకోలేదన్నమాట, డేటాని తిట్టకుండా గీతని మళ్లీ రాయండి.

ఎవరైనా నిజంగా ఇబ్బందిలో ఉంటే

ఇది సర్వేకి ముందే తేల్చుకోవాలి. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఇంటి తలుపు కూడా కొట్టొద్దు. 18 ఏళ్లలోపు వాళ్లయితే తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల ఇష్టం రెండూ కావాలి. చచ్చిపో అనో, ఫలానావాణ్ణి కొట్టు అనో గొంతు చెబుతోందన్నా, చనిపోవాలనిపిస్తోందన్నా, రోజుల తరబడి తిండీ నిద్రా లేవన్నా ప్రశ్నావళి అక్కడే మూసెయ్యండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఎవరిని పిలవమంటారో ఆమెనో ఆయన్నో అడిగి పిలవండి, మీ గైడ్‌కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కుని చీటీమీద రాసి ఉంచుకోండి. "విశాఖ తీసుకెళ్లండి" అంటే జనానికి చినవాల్తేరు పిచ్చాసుపత్రే గుర్తొచ్చి ఇంకా బెదిరిపోతారు.

ప్రమాదం లేకుండా, కాస్త భయం మాత్రమే ఉన్నవాళ్లు "ఇది పిచ్చికి మొదలా బాబూ?" అని అడుగుతారు. చాలామందికి ఇలాంటివి వచ్చి వాటంతటవే పోతాయని చెప్పండి, అది నిజం. మళ్లీ మళ్లీ వస్తున్నా, నిద్ర చెడుతున్నా డాక్టరుకి చూపించుకోమని చెప్పండి. జబ్బు పేరు మాత్రం మీ నోట రాకూడదు, మీరు డాక్టరు కారు, అయినా అరగంట అరుగుమీద కూర్చుని చెప్పేది కాదది.

కాగితాలమీద పేర్లుండకూడదు, నంబర్లే ఉండాలి. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక వేరే బీరువాలో తాళంలో ఉండాలి. రిపోర్టులో ఊరి పేరు బదులు మండలం పేరు రాయండి. ముప్పై గడపల ఊరిలో "ఇరవై రెండేళ్ల పురుషుడు, డిగ్రీ ఆపేశాడు, గొంతులు వినిపిస్తున్నాయి" అని రాస్తే, పేరు రాయకపోయినా అది ఎవరో ఆ ఊరి టీకొట్టులో రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.